ఎర్రపట్టీల కప్పలు

అంచికాయా నది ఒడ్డున ఎడెల్మీరా ఇల్లు ఆ పొద్దున కుళ్ళు కంపు కొట్టింది. ఎలుక చచ్చిందేమోనని తమ్ముడు విల్ఫ్రీదో మంచం కింద ఆమె చీపురు పెట్టి లాగితే గోనెసంచి బయటపడింది. నిండా మూతలు బిగించిన ప్లాస్టిక్ డబ్బీలు.

ఆమె ఒక మూత తీసింది. లోపల కొండమీది విషపు కప్ప. నల్లటి ఒంటిమీద నిప్పులా మెరవాల్సిన ఎర్రపట్టీలు పాలిపోయి, ఒళ్ళంతా నీరుకారి, డబ్బీ అడుగుకు అంటుకుపోయింది. చాలావాటిలో అంతే. కొన్ని మాత్రం ఇంకా డొక్కలెగరేస్తున్నాయి.

ఈ లోయలో తప్ప ఆ జాతి ఇంకెక్కడా లేదు. తల్లికప్ప పిల్లను వీపున మోసుకెళ్ళి, కొమ్మల మీది మొక్కల ఆకుల్లో నిలిచిన నీళ్ళలో దింపి, తన గుడ్లే మేతగా పెట్టి పెంచుతుందని చిన్నప్పుడు అమ్మ చూపించింది.

మధ్యాహ్నం విల్ఫ్రీదో, కప్పలు కొనే పట్నం బేరగాడు ఒటోనియెల్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

“అక్కా, ఈయనకు అన్నం పెట్టు.”

“సంచిలో సగం చచ్చి కుళ్ళాయిరా!” చేపలకూర వడ్డిస్తూనే అంది ఆమె.

“పోతే పోనీ చెల్లెమ్మా,” అన్నాడు ఒటోనియెల్, చేపముల్లు చీకుతూ. “పైదేశాల్లో పెంచుకునేవాళ్ళకు పంపేటప్పుడు విమానంలో ఇంకొన్ని పోతాయి. అడవిలో ఉన్నవీ పోతే మరీ మంచిది, నా దగ్గరున్నవాటికి గిరాకీ పెరుగుతుంది.”

పకపకా నవ్వాడు. విల్ఫ్రీదో కూడా నవ్వాడు. ఆ నవ్వు ముందు కుళ్ళు కంపే నయమనిపించింది ఆమెకు. చచ్చిన కప్ప ఉన్న డబ్బీ ఒకటి తెచ్చి ఒటోనియెల్ కంచంలో బోర్లించింది.

“ఇది కూడా చీకు.”

“పిచ్చెక్కిందా అక్కా!”

“అక్కా అనకు. ఇద్దరూ లేవండి.”

అరుపులకు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మంలో మూగారు. ఒటోనియెల్ సంచి ఊసెత్తకుండా తిట్టుకుంటూ పడవెక్కాడు. విల్ఫ్రీదో వెనకే పోయాడు.

బతికున్నవాటిని ఆమె కొండకు తీసుకెళ్ళింది. కప్పల కోసం కొమ్మలెక్కలేక తమ్ముడు అక్కడి చెట్లే నరికేశాడు. నేలమీద ఎండిన ఆకుల మధ్య కప్పపిల్లలు మాడి అంటుకుపోయి ఉన్నాయి. తూ అని ఉమ్మి, వాగు దాటి, గొడ్డలి పడని చోటు వెతికి, ఆకుతో ఒక్కొక్కదాన్నీ దింపింది. కొన్ని కదలనే లేదు.

వారం తిరిగేసరికి విల్ఫ్రీదో మాసిపోయి, ఈగలు ముసురుతున్న మొహంతో వచ్చాడు. జాలిపడి మెట్ల మీదే చారు పోసింది. సగం తాగి, గొంతు తగ్గించి అడిగాడు:

“అక్కా, ఆ కప్పల్ని ఎక్కడ వదిలావు?”

ఆమె గిన్నె లాక్కుని తలుపేసేసింది.