ఈసారి రాణిని చంపొద్దు

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి డెస్ వెస్కూంబ్ కొత్త కథ మొదలుపెట్టాడు. చర్చి హాల్లో హీటరు దగ్గరికి లాక్కున్న బల్ల ముందు కూర్చుని, తన కాగితాలూ పాచికలూ ఎవరికీ కనపడకుండా నిలబెట్టుకున్న అట్టతెర వెనక, కళ్లజోడు ముక్కు చివరికి దించి చదవసాగాడు.

"నూరేళ్లు గడిచాయి. కార్వెత్ తొమ్మిది ఊళ్ల మీదా మళ్లీ నల్లకోట నీడ పడింది. కొత్త రాణి సింహాసనం ఎక్కింది. ఆమె తల మీద ఇనుప కిరీటం..."

గ్లెనిస్ పెన్సిలు కింద పెట్టేసింది.

"ఆగు డెస్. ఏ కిరీటం?"

"ఇనుప కిరీటం."

"అది కరిగిపోయింది కదా. దాన్ని పట్టుకుని కొలిమిలో దూకింది నేనే."

"ఇంకోటి చేయించుకున్నారు."

"పాతదానికి గ్యారంటీ ఉండుంటుందిలే," అన్నాడు పైబస్. అతను పళ్ల సెట్లు తయారుచేసే మనిషి. పళ్లు ఎవరివైనా నవ్వు మాత్రం తనదే. పక్కన కూర్చున్న ఐల్సా నవ్వబోయి, గ్లెనిస్ ముఖం చూసి ఊరుకుంది.

గ్లెనిస్ బర్నీ అనే ఊళ్లో సిటీ బస్సు నడుపుతుంది. నలభై ఏడేళ్లుంటాయి. వారమంతా బస్సు, ఆదివారం ఈ ఆట. డెస్ ఒక లోకాన్ని చెబుతాడు. మిగిలిన ముగ్గురూ అందులో తలొక మనిషై, ఆ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. తేలని సంగతిని ఇరవై ముఖాల పాచికలు తేలుస్తాయి. పోయిన కథ ఆరేళ్లు నడిచింది. అందులో గ్లెనిస్ హెస్పిన్ అనే కమ్మరి మనిషి. రాణి బలమంతా ఆ కిరీటంలోనే ఉందని తెలిసి, చివరి రోజున హెస్పిన్ దాన్ని గుండెకి హత్తుకుని కొలిమి నిప్పుల్లోకి దూకేసింది. ఆ రోజు బల్ల చుట్టూ అందరూ ఏడ్చారు. ఐల్సా అయితే హాలు బయట కారులో అరగంట కూర్చుని, కళ్లు ఆరాకగానీ ఇంటికి వెళ్లలేకపోయింది.

"అంటే నేను చచ్చింది ఊరికేనా?" అంది గ్లెనిస్.

"ఊరికే ఎందుకవుతుంది? నూరేళ్లు జనం సుఖంగా ఉన్నారు."

"ఆ నూరేళ్లూ మేం చూడలేదుగా! నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు."

టీ తాగే వేళకి ఐల్సా ఆలిచిప్పల మాంసం కూరిన స్కాలప్ పైలు వేడిచేసి తెచ్చింది. గ్లెనిస్ తన వాటాది చేత్తోనే పట్టుకుని డెస్ పక్కకి వెళ్లి పాత ఫైళ్లు చూపించమంది. అతను సంబరంగానే తీశాడు. అరవై ఏళ్లు నిండిన మనిషి. కాగితం మిల్లు మూసేసేదాకా అందులోనే పనిచేశాడు. ఫైళ్లలో అంతా మిల్లు కాగితమే. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఒకటి, తొంభై అయిదులో ఒకటి, తర్వాత ఇంకో రెండు. నాలుగు గుంపులు, నాలుగు కథలు. అన్నిట్లోనూ అదే పటం. అదే నల్లకోట, అవే తొమ్మిది ఊళ్లు, మోర్న్ నది, నదికి ఆవల కొమ్ములవాళ్ల కొండలు.

"అందరూ రాణిని చంపారా?"

"అందరూ చంపారు. ఒకళ్లు విషం పెట్టారు. ఒకళ్లయితే కోటనే కూల్చేశారు."

"అయినా మళ్లీ వచ్చింది."

"రాకపోతే ఆటేముంది గ్లెనిస్? నేనొక ఇల్లు కట్టాను. మీరు రండి, ఉండండి, గంతులెయ్యండి. గోడలు మాత్రం పడగొట్టకండి."

ఆ వారమంతా ఆమె బస్సు నడుపుతూ అదే ఆలోచించింది. సముద్రం మీంచి కొట్టే గాలికి బస్సు ఊగుతుంటే గేరు మార్చి కొండెక్కించేది. పై స్టాపులో అయిదు నిమిషాలు ఆగినప్పుడల్లా డెస్ ఇచ్చిన కాగితాలు తిరగేసేది. ఆట మానేద్దామని ఒక్కసారీ అనిపించలేదు. అలా లేచి వెళ్లిపోతే హెస్పిన్‌ని రెండోసారి చంపినట్టే. గురువారం నాడు మూడో పేజీలో, నాలుగు గుంపులూ చదివి వదిలేసిన ఒక వాక్యం కనపడింది: 'కొమ్ములవాళ్లంటే భయంతో తొమ్మిది ఊళ్లూ నల్లకోటకి తలవంచాయి.'

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. అందరూ రాణిని చంపారు. ఆ భయాన్ని ఎవరూ ముట్టుకోలేదు. భయం ఉన్నంతకాలం ఊళ్లు ఎవరో ఒకరికి కిరీటం పెడుతూనే ఉంటాయి. వెనక సీట్లోంచి ఎవరో పెద్దాయన, "అమ్మాయ్, ఇవాళ బయల్దేరతామా, ఇక్కడే కాపురం పెడతామా?" అని అరిచేదాకా ఆమెకి టైమే గుర్తులేదు.

ఆదివారం ఆమె తన కొత్త మనిషిని బల్ల మీదికి తెచ్చింది. టిల్డ్, మోర్న్ నది మీద పడవ నడిపే ఆడది. కత్తి లేదు, కవచం లేదు.

"ఈసారి రాణిని చంపొద్దు," అంది మిగతా ఇద్దరితో. "ముందు నది దాటదాం."

"నేను గొడ్డలివాణ్ణి తెచ్చుకున్నాను," అన్నాడు పైబస్ దిగులుగా.

"తెచ్చుకో. కట్టెలు కొట్టడానికి పనికొస్తాడు."

టిల్డ్ పడవని అవతలి ఒడ్డుకి చేర్చింది. కొమ్ములవాళ్లు బాణాలు ఎక్కుపెట్టారు. ఆమె ఖాళీ చేతులు చూపించి, ఒక ఉప్పు బస్తా ఒడ్డున దించి వెనక్కి జరిగింది.

"వాళ్లకి ఉప్పు అక్కర్లేదు," అన్నాడు డెస్.

"మరేం కావాలి? ఏం తింటారు వాళ్లు?"

డెస్ కాగితాలు తిరగేశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "రాసుకోలేదు," అన్నాడు చివరికి.

"ముప్పై ఏడేళ్లుగా ఆడేవాళ్లచేత వాళ్లని నరికిస్తున్నావు. వాళ్లేం తింటారో రాసుకోలేదా?"

బల్లంతా గొల్లున నవ్వింది. డెస్ కూడా నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. మరుసటి ఆదివారం రెండు పేజీలు రాసుకొచ్చాడు. కొమ్ములవాళ్లు తమని హర్న్ అని పిలుచుకుంటారు. కొండ అంచుల్లో మేకలు కాస్తారు. చచ్చినవాళ్లని మోర్న్ నదిలో, సరిగ్గా రేవు ఉన్న చోటే, నీటి అడుగున పడుకోబెడతారు. ఇవతలివాళ్ల పడవల గెడలు రోజూ వాళ్ల తాతముత్తాతల్ని పొడుస్తూ పోతున్నాయి. బాణాలు అందుకే.

గ్లెనిస్ ఆ రెండు పేజీలూ తీసుకుని మళ్లీ చదివింది. డెస్ దాన్ని ఎంత బాగా రాశాడో అతనికే తెలియలేదని ఆమెకి అనిపించింది.

"అయితే పడవలు ఆగాలి," అంది. "వంతెన కట్టాలి."

జూన్‌లో మొదలయ్యే అక్కడి చలికాలమంతా వంతెనే. రెండు ఒడ్లవాళ్లనీ ఒప్పించడానికి అయిదు ఆదివారాలు పట్టాయి. ఐల్సా ఆడే విలుకత్తె మొదట విసుక్కుంది. తర్వాత రాణి సైనికులు రాళ్ల బండ్లని అడ్డగిస్తే తనే కాపలా కాసింది. పైబస్ మాత్రం వారం వారం గొణిగేవాడు. "నా గొడ్డలి ఎనిమిది వారాలనుంచి దుంగలే నరుకుతోంది. వాడికి కలలో కూడా రంపప్పొట్టే."

మూడు స్తంభాలు లేచాయి. ఆగస్టులో ఒక ఆదివారం డెస్ అట్టతెర వెనక పాచిక వేసి, చూసి, తల ఊపాడు.

"వరద. మూడు స్తంభాలూ కొట్టుకుపోయాయి. పనివాళ్లు భయపడి ఇళ్లకి పోయారు."

"ఎంత పడింది?" అంది గ్లెనిస్.

"ఏమిటి?"

"పాచిక. ఒకటి పడితేనే వరదని పోయినవారం నువ్వే అన్నావు. ఎంత పడింది?"

ఆమె లేచి వంగి, అట్టతెరని నెమ్మదిగా పక్కకి జరిపింది. పాచిక మీద పద్నాలుగు ఉంది.

డెస్ పాచికలు సంచీలో పోసుకున్నాడు, ఫైలు మూశాడు. "ఇది నా లోకం," అన్నాడు. హాలు తాళాలు బల్ల మీద పెట్టి వానలోకి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. ముగ్గురూ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ టీ తాగారు.

"నువ్వే నడుపు గ్లెనిస్," అన్నాడు పైబస్. "నీకు నచ్చినట్టు పది వంతెనలు కట్టుకో. ఎవడు అడ్డం?"

"ఎవరూ అడ్డం లేకపోతే అది కట్టడం ఎలా అవుతుంది?" అంది ఆమె. "అతని లోకంలోనే మారాలి. లేకపోతే నాకొద్దు."

కప్పు కడిగి బోర్లించి, కారు తీసి నేరుగా డెస్ ఇంటికి వెళ్లింది. అతను షెడ్డులో చేపల గాలం విప్పి నూనె రాస్తున్నాడు. ఆమెని చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆమె తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

"చెయ్యకూడని పని చేశాను. ఒప్పుకుంటున్నా," అన్నాడు తలెత్తకుండా. "ఆ పటం గీసినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. షిఫ్టు మధ్యలో, మిల్లు క్యాంటీన్లో కూర్చుని గీశాను. ఆ బల్ల చుట్టూ ఆడినవాళ్లలో ఇప్పుడు ఊళ్లో ఒక్కడూ లేడు. మిల్లు లేదు. ఆ చోట ఇప్పుడు చెక్కలూ మేకులూ అమ్ముతున్నారు. ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండనీ అనుకున్నాను. అది తప్పా?"

"తప్పు కాదు. నేనూ ప్రతి ఆదివారం దానికోసమే వస్తాను," అంది గ్లెనిస్. "కానీ డెస్, నేను అక్కడ చచ్చిపోయాను. ఆరేళ్లు పెంచుకున్న మనిషిని నీ నిప్పుల్లో పడేశాను. ఏమీ మారని చోట ఆ చావుకి విలువేముంది? వచ్చి చూసి పోయేవాళ్లం అవుతాం, అంతే."

"మారితే పాడవుతుంది. మంచిగానే మారుతుందని ఎక్కడుంది?"

"పాడవనీ. పాచిక ఒకటి పడితే వరద రానీ, నేను నోరెత్తను. మేం కట్టింది మా వల్ల కూలనీ, నది వల్ల కూలనీ. నీకు భయమేసి మాత్రం కూల్చకు. నేనడిగేది అదొక్కటే."

అతను గాలం చక్రాన్ని ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. "నీకు ఎదురు చెప్పడం బస్సుకి ఎదురు నిలబడ్డంలా ఉంటుంది," అన్నాడు.

"హారన్ కొట్టాకే తొక్కిస్తాను నేను."

ఆ మాటకి అతని పెదవి కొంచెం కదిలింది.

ఆదివారం డెస్ వచ్చాడు, అట్టతెర లేకుండా. "వరద రాలేదు. పద్నాలుగు పడింది," అని మొదలుపెట్టాడు. నాలుగు వారాల్లో వంతెన అవతలి ఒడ్డుకి అందింది. అక్టోబరులో తొమ్మిది ఊళ్ల పెద్దలూ నది ఒడ్డున సమావేశమయ్యారు. నల్లకోటకి ఇంకా తలవంచాలా, అక్కర్లేదా. ఒక్కో ఊరికి ఒక్కో పాచిక, అందరి కళ్లెదుటా.

టిల్డ్ మాట్లాడింది. విలుకత్తె సాక్ష్యం చెప్పింది. గొడ్డలివాడు నోరు తెరిస్తే ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు. పైబస్ గొంతు సవరించుకుని, "నేను కొమ్ములవాళ్లని చంపడానికే వచ్చాను. వాళ్ల దుంగలు నరికిపెట్టాను. ఇప్పుడు వాళ్ల పేర్లు తెలుసు. పేరు తెలిసినవాణ్ణి నరకడం నావల్ల కాదు," అని కూర్చున్నాడు. ఐల్సా అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

పాచికలు పడ్డాయి. ఆరు ఊళ్లు ఇక తలవంచేది లేదన్నాయి. మూడు రాణితోనే ఉండిపోయాయి.

రాణి చావలేదు, కోట కూలలేదు. కానీ ఆమె చేతిలో ఇక మూడు ఊళ్లే. డెస్ ఫైల్లోంచి ఎనభై ఆరు నాటి పటం తీశాడు, నకలు కాదు, అసలుదే. నల్ల సిరా పెన్నుతో మోర్న్ నది మీద వంతెన గుర్తుగా రెండు అడ్డగీతలు గీసి, ఆరేదాకా ఊదాడు. ఊదడం అయ్యాక కూడా దాన్ని చూస్తూనే ఉన్నాడు.

"సరే. ఇప్పుడు వినండి," అన్నాడు. "రేవులో నలభై పడవ కుటుంబాలున్నాయి. వంతెన వచ్చాక పడవ ఎక్కేవాడు లేడు. టిల్డ్, మీ అన్న వార్న్ తన పడవని ముక్కలు చేసి నీ గుమ్మంలో పోశాడు. 'పొయ్యిలో పెట్టుకో. మా తిండి లాక్కున్నావు,' అని వెళ్లిపోయాడు."

గ్లెనిస్ పటం మీద రేవు వైపు చూసింది. నలభై కుటుంబాలు. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా తను లెక్కలోకి తీసుకోలేదు. టిల్డ్ పుట్టింది ఆ రేవులోనే.

"ఇదేం బాలేదు డెస్," అంది ఐల్సా. "వాళ్లకి వేరే పనులు దొరికాయని చెప్పెయ్. నీ చేతిలో పనేగా."

డెస్ గ్లెనిస్ వైపు చూశాడు. ఆమె ఒక్కమాటంటే నిజంగానే అలా చెప్పేసేలా ఉన్నాడు.

"వద్దు," అంది గ్లెనిస్. "చెరిపెయ్యకు. అది మేం చేసిందే. నేను చేసింది."

"వచ్చేవారం చూద్దామా మరి?" అన్నాడు పైబస్, కోటు అందుకుంటూ.

"కూర్చో. ఇంకా అరగంట ఉంది." ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. "టిల్డ్ వార్న్ ఇంటికి వెళ్తోంది. ఇప్పుడే. వంతెనకి కాపలా కావాలి, మరమ్మతు కావాలి, అవతల మేకల సంతకి దారి చూపేవాళ్లు కావాలి. నది గురించి పడవవాళ్లకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అవన్నీ తర్వాత. ముందు క్షమించమని అడగాలి. తలుపు కొడుతున్నాను."

"తీస్తాడో లేదో నాకూ తెలీదు," అన్నాడు డెస్.

అతను పాచిక విసిరాడు. అది బల్ల మీద దొర్లి, టీ కప్పుకి తగిలి ఆగింది. పదకొండు. నలుగురూ వంగి చూశారు.

"తలుపు బెత్తెడు తెరుచుకుంది," అన్నాడు డెస్. "గొళ్లెం ఇంకా తియ్యలేదు. లోపల చీకటి. వాడు నిన్నే చూస్తున్నాడు."

గ్లెనిస్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, "అన్నా," అని మొదలుపెట్టింది.