మడమల గుర్తులు

కళాయి పూసే జుహ్దీ రాగి కాగులో నిలబడి తిరుగుతున్నాడు. గోడకున్న ఇనపకడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఇసుకా బూడిదా అద్దిన తడిగుడ్డను అరికాళ్ల కింద వేసుకుని, నడుముతో అటూ ఇటూ మెలితిరుగుతూ అడుగు తోముతున్నాడు. నలభై ఏళ్లుగా డమాస్కస్‌లోని ఆ పేట వంటపాత్రలన్నీ అతని కాళ్ల కిందే తేటపడ్డాయి. మడమలు మాత్రం కొయ్యలా బిరుసెక్కాయి.

కాగు పక్కింటి వజీహాది. ఆమె భర్త పోయి మూడు నెలలు. పోయేముందు, తామున్న గది భార్యకే ఇస్తున్నానని అతను మిద్దె మీద జుహ్దీ ఒక్కడితోనే చెప్పాడు. ఇప్పుడు ఆ గది తనదంటున్నాడు మరిది సుభీ. మధ్యాహ్నం ఖాజీ ముందు జుహ్దీ సాక్ష్యం చెప్పాలి.

చిక్కంతా జుహ్దీ మిద్దె మీద పెంచే పావురాలతోనే. పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం చెల్లదు. పక్క మిద్దె పావురాన్ని వలేసి పట్టుకుని, చూడనే లేదని ఒట్టేసేవాడు దేనికైనా ఒట్టేస్తాడని పెద్దల మాట. అలాంటివాడికి పిల్లనూ ఇవ్వరు. అక్కడి వాడుక ప్రకారం ఫలానావాడి తండ్రీ అని పిలవడానికి కొడుకు లేడు గనక, పేట అతన్ని ఈకల తండ్రి అనేది.

అందుకే మూడు రోజుల కిందట నలభై ఒక్క పావురాలనూ దూరపు పల్లెలో ఒక రైతుకు ఇచ్చి వచ్చాడు. తిరిగి ఎగిరి రాకుండా రెక్కల ఈకలు కత్తిరించి ఇవ్వాలని తెలుసు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు కూడా. మనసొప్పక పక్కన పెట్టేశాడు.

"పావురాలున్నాయా?" అని మధ్యాహ్నం విచారణలో అడిగాడు ఖాజీ.

"ఉండేవయ్యా. ఇచ్చేశాను. ఇప్పుడొక్కటీ లేదు."

అప్పుడే మొదటిది కిటికీలోంచి వచ్చి అతని భుజం మీద వాలింది. వెనకే మరొకటి. బంట్రోతు కిటికీ మూశాడు. మూసిన కిటికీలోంచే మిగతావీ వచ్చాయి. దానికి ఎవరూ ఆశ్చర్యపోలేదు, నవ్వారంతే.

"ఈకల తండ్రీ, పిల్లలు నీకోసం బెంగపెట్టుకున్నట్టున్నారే" అన్నాడు సుభీ.

ఖాజీ సాక్ష్యం కొట్టేశాడు. గది సుభీదేననీ, వజీహా రేపటికల్లా ఖాళీ చేయాలనీ అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వజీహా నాలుగడుగుల వెనక నడిచింది. సందు మొదట్లో ఆగింది.

"నువ్వు నిజమే చెప్పావన్నా. నాకు తెలుసు."

"నీ గది పోయిందమ్మా."

"పోయింది. వాటి రెక్కలు కత్తిరించనందుకు నిన్నేం అనను."

జుహ్దీ మిగిలిన పని పూర్తి చేశాడు. కాగు వేడిచేసి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో అడుగంతా పూశాడు. ఆమె గుమ్మం పక్కన బోర్లించి మిద్దె ఎక్కాడు.

పొద్దు వాలుతుండగా అతని ఈల వినిపించింది. మూటలు కడుతున్న వజీహా తలెత్తి చూసింది. పావురాల గుంపు పేట మీద తిరుగుతోంది. చివరనున్నది పెద్దది, కొత్తగా ఎగురుతున్నట్టు తడబడుతూ, నడుముతో అటూ ఇటూ మెలితిరుగుతోంది. ఒక్క చుట్టు చుట్టి, గుంపంతా కొండల వైపు సాగిపోయింది.

తెల్లారి చూస్తే మిద్దె మీద పావురాలూ లేవు, మనిషీ లేడు. వెతకాలని ఎవరికీ తోచలేదు. వజీహా మూటలు బండికెక్కించి, చివరగా కాగును వెల్లకిల తిప్పింది. లోపలంతా కళాయి వెండిలా మెరుస్తోంది. అడుగున రెండు మడమల మేర మాత్రం తగరం అంటక, రాగి ఎర్రగా అలాగే ఉంది.