కోరినవారు: శ్యామలాదేవి

"సార్ పేరు వెయ్యమంటారా అండీ?" ఫోన్లో అడిగాడు కేబుల్ ఆఫీసు బెన్ని. మా జగ్గయ్యపేటలో ఎవరైనా సినిమా అడిగితే, టీవీలో బొమ్మ కింద వాళ్ల పేరు తిప్పుతాడు.

"అడిగింది నేనేగా. శ్యామలాదేవి అని వెయ్యి" అన్నాను, ఒక చేత్తో తాలింపు కలుపుతూ.

అది నాటక కంపెనీ మీద తీసిన పాత నలుపు తెలుపు హాస్య సినిమా. ఆడవేషం కట్టే మగాయన అలిగి పారిపోతాడు. కంపెనీకి వండిపెట్టే వరాలు గరిటె పక్కన పడేసి స్టేజీ ఎక్కుతుంది. ఆపైన ఏమైందో ఇరవై మూడేళ్లుగా నేను చూడలేదు. పదేళ్లప్పుడు నందిగామ హాల్లో చూస్తుంటే విశ్రాంతికి తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణీ నన్నూ తీసుకుని అమ్మ ఇంటికొచ్చేసింది. నాన్న మాత్రం మొత్తం చూసొచ్చాడు. పెళ్లయ్యాక టీవీలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ వరాలు స్టేజీ ఎక్కే వేళకే నాకు పిలుపు. ఆయనకి మజ్జిగ, అత్తయ్యకి మాత్ర, చుట్టాలకి కాఫీ. వంటింట్లో నిలబడి హాల్లో వాళ్ల నవ్వులు వింటుంటే ఏడుపొచ్చేది. తర్వాత ఏమైందని అడిగితే మా ఆయన భవానీప్రసాద్ గారు తేల్చేసేవారు. "ఏముంటది? హీరో చెయ్యి పట్టుకుని దింపేస్తాడు. బుద్ధొచ్చి మళ్లీ పొయ్యి దగ్గరికి పోద్ది. అంతేగా!" నేను నమ్మాను. అయినా చూడాలనే ఉండేది.

ఈరోజు పన్నెండింటికల్లా అన్నీ వండి బల్ల మీద సర్ది, కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చున్నాను. రెండు కాబోతుండగా ఆయన కొట్టు నుంచి విసురుగా వచ్చారు.

"హోటల్ టీవీలో నీ పేరు తిరుగుతోంది! ఆడదాని పేరు బజార్న పడితే పరువుంటదా?"

"మీ పేరు కొట్టు బోర్డు మీద పదిహేనేళ్ల నుంచి బజార్లోనే ఉంది కదండీ. దానికేమైంది?"

"ముందు లేచి అన్నం పెట్టు."

"బల్ల మీదుంది. వడ్డించుకోండి."

అలవాటుగా నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆయన తినకుండానే కొట్టుకి వెళ్లిపోయారు. అత్తయ్య సుబ్బమ్మ గారు సణుగుతూనే వచ్చి పక్కన కూర్చున్నారు.

హీరో వచ్చాడు. వరాలు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. "ఆకలైతే వండుకో. నాకింకో సీనుంది" అంది. జనం ఈలలు వేశారు. అంతే, శుభం పడింది.

నేను పగలబడి నవ్వాను. అత్తయ్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"మరి ఆయన అట్లా చెప్పారేంటి అత్తయ్యా?"

"వాడెప్పుడు చూశాడే? మజ్జిగ తాగి గుర్రు పెట్టేవాడుగా!"

"మీరన్నా చెప్పలేదే?"

"నన్నెప్పుడన్నా అడిగావా?"

లేచి ఫోన్ తీశాను. "బెన్నీ, రేపు కూడా ఇదే సినిమా వెయ్యి. ఈసారి కోరినవారు భవానీప్రసాద్ అని వెయ్యి. ముగింపు ఆయనింకా చూడలేదు."