నాలుగు పిల్లుల్ని కడిగిన నీళ్లు

ఈ పిల్లులను నల్లగా చేసింది మీరు. ఇంకెవరో కాదు. లారీ నిండినా ఆగక గుట్టలా పోసి, టార్పాలిన్ ముక్కైనా కప్పకుండా మా రోడ్డు మీద బొగ్గు తోలిస్తున్న కాంట్రాక్టర్లు మీరు. లారీలు తూచే కాటా దగ్గర ఫ్యాను కింద కూర్చుని, కప్పని లారీకి కప్పినట్టు చీటీ రాసిచ్చే సూపర్‌వైజర్లు మీరు. జనం అర్జీ ఇస్తే మడిచి కిటికీ సందులో దోపిన వాళ్లూ మీరే. గులాబ్ బీ ఇంట్లో ప్రతి శుక్రవారం నాలుగు పిల్లులు తడిసి వణుకుతున్నాయంటే, ఆమె చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయంటే, ఆ పాపం మీది.

గులాబ్ బీది పరుపుల పని. మణుగూరు నుంచి బూర్గంపాడు పోయే దారిలో, రోడ్డును ఆనుకుని రేకుల షెడ్డు. షెడ్డులో దూది ఏకే మిషను, వెనక రెండు గదుల ఇల్లు. దూది ఉన్నచోట ఎలుకలు గూళ్లు పెడతాయి. అందుకని ఆ ఇంట్లో పిల్లులు ఆమె అత్తగారి కాలం నుంచీ ఉన్నాయి. ఇప్పుడున్నవి నాలుగు. సుల్తాను ఎర్రటి గండుపిల్లి. బొండు పేరుకు తగ్గ లావు. బేగం ముసలిది, ఒళ్లంతా తెల్లటి బొచ్చు. నాలుగోది చుక్క, ఏడాది నిండని పిల్ల, నుదుటి మీద నల్లమచ్చ తప్ప మిగతాదంతా తెలుపు. తెలుపు అనేది పాత మాట. లారీలు మొదలయ్యాక ఆ ఇంట్లో తెల్లగా మిగిలిందేమీ లేదు, దూదితో సహా.

వానలు ఆగిన నెలకు చుక్కకు దగ్గు పట్టుకుంది. పశువుల దవాఖానాలో డాక్టరమ్మ సుజన దాని నోరు తెరిచి, నాలుకను దూదితో తుడిచి, ఆ దూది గులాబ్ బీకి చూపించింది. నల్లగా ఉంది.

"ఒంటి మీద పడ్డదంతా నాకి మింగుతున్నది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లతో కడగండి. దుమ్ములకు పోనియ్యకండి. ఇంకో నెల గిట్లనే మింగితే నేను సూదులేసినా ఆగదమ్మా" అంది.

దుమ్ములోకి పోనివ్వకూడదట. ఇల్లే దుమ్ములో ఉంటే పిల్లిని ఎక్కడ దాచాలో డాక్టరమ్మకు కూడా తెలియదు.

భర్త రెహమాన్ ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో దిగి రిటైరైన మనిషి. పిల్లులకు స్నానం అనగానే నవ్వాడు. "పిల్లి పాక్ జానవరు గులాబూ, దానికి మైల లేదు. దాని నాలుకే దానికి సబ్బు."

"ఆ నాలుకే దాని పానం తీస్తున్నది సుమేరా అబ్బా" అంది గులాబ్ బీ. పెళ్లై అత్తారింటికి పోయిన బిడ్డ పేరు పెట్టే ఆమె మొగుణ్ని పిలుస్తుంది. "డాక్టరమ్మ చెప్పింది నీ చెవులకెక్కలేదా?"

ఎక్కింది. ఎక్కకపోయినా బాగుండేది. బాయిలో దిగేముందు పనివాళ్లు ముఖానికీ చేతులకూ కొబ్బరినూనె రాసుకునేవాళ్లు. పైకొచ్చి సబ్బు పెడితే నూనెతో పాటు బొగ్గూ జారిపోతుంది. ఆ ముప్పై ఏళ్ల తెలివంతా తెచ్చి రెహమాన్ పిల్లుల మీద పెట్టాడు. భార్య దూది తేవడానికి ఖమ్మం పోయిన రోజు నాలుగింటికీ నున్నగా నూనె పట్టించాడు. మనిషికి ఒళ్లంతా బొచ్చు ఉండదన్న సంగతి ఆయనకు తట్టలేదు. సాయంత్రం గులాబ్ బీ వచ్చేసరికి నాలుగు పిల్లులూ తారు డబ్బాలో ముంచి తీసినట్టున్నాయి. నూనె రుచి మరిగి వరసగా కూర్చుని ఒళ్లు నాక్కుంటున్నాయి. రోజూ పోయే బొగ్గుకు రెట్టింపు ఆ ఒక్క పూట కడుపుల్లోకి పోయింది. మిగతా మూడూ కక్కుకుని తేరుకున్నాయి. చుక్క తిండి తగ్గించింది.

"మంచికే చేసిన గదనే" అన్నాడు రెహమాన్.

"నీ మంచి గంగల కలువ. ఇగ పిల్లుల జోలికి రాకు."

అప్పటి నుంచి ఇది మూడో శుక్రవారం. జుమ్మా రోజు ఇంట్లో అందరూ తలకు పోసుకుంటారు. పిల్లులకూ అదే రోజు పెట్టుకుంది గులాబ్ బీ. రెహమాన్ తెల్ల లాల్చీ వేసుకుని, బట్టలు ఖరాబైతాయని దూరం నుంచే సలహాలిచ్చి మసీదుకు పోయాడు. ఆమె బోరు నీళ్లు మోసుకొచ్చి, పొయ్యి మీద కాచి, ప్లాస్టిక్ టబ్బులో చన్నీళ్లు కలిపింది.

ముందు సుల్తాను. నీళ్లు అక్కర్లేదు, చెంబు చప్పుడు చాలు వాడికి. వీధిలో ఎవరో పీక కోస్తున్నట్టు ఎత్తుకుంటాడు. గులాబ్ బీ తన పనిలోని ఉపాయమే వాడింది. పాత దిండు గలీబు తీసుకుని, దూది కూరినట్టు వాణ్ని వెనక కాళ్ల నుంచి అందులోకి కూరి, తల ఒక్కటి బయట ఉంచి నాడా బిగించింది. గలీబుతో సహా నీళ్లలో ముంచింది. మూడో చెంబుకు గలీబు కుట్టు విడిపోయింది. సుల్తాను ఆమె భుజం ఎక్కి, భుజం మీంచి మిషను ఎక్కి, మిషను మీంచి రేకుల సందు పట్టుకుని వేలాడుతూ అరిచాడు.

పక్కింటి సీతారావమ్మ గోడ మీంచి తొంగి చూసింది. ఆమెవాళ్లు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ మిరపతోటలు వేసుకున్న రైతులు.

"ఏంటి వదినా, ఎవర్ని చంపుతున్నావు? మా దొడ్లోకి వినబడుతోంది."

"ఎవర్ని జంపాల్నో వాళ్లు దొరుకుతలేరు వదినె. దొరికినోళ్లకు తానం పోస్తున్న."

"పోద్దువుగానీ, నిన్న నువ్వు పంపిన దిండు చూశావా? తెల్లగుడ్డ మీద పిల్లి పాదం. నాలుగు వేళ్లూ అచ్చేసినట్టు పడ్డాయి. మా ఆయన చూసి ఇది కంపెనీ ముద్రా అని అడిగాడు."

"అవ్, నా కంపెనీ ముద్రే. బొగ్గు సిరాతోటి."

నవ్వాలనుకుంది గానీ నవ్వు రాలేదు. బొండును ఎత్తింది. వీడు అరవడు, గీరడు. నాలుగు కాళ్లూ టబ్బు అంచులకు అడ్డం పెట్టి మంచం కోళ్లలా బిగించేస్తాడు. ఒక కాలు లోపలికి తోస్తే ఇంకో కాలు బయటికొస్తుంది. నానా తంటాలు పడి లోపల పడేస్తే అక్కడ బండరాయి. కన్ను ఆర్పడు. ఉచ్చ మాత్రం పోస్తాడు. ఆ నీళ్లు బకెట్టులోకి వంచి మళ్లీ కాచుకోవాల్సొచ్చింది. బేగం అయితే పిలవకుండానే వచ్చి టబ్బులో కూర్చుంది. కడగడం గులాబ్ బీ చెయ్యాల్సిన కొలువే అన్నట్టు మెడ కూడా ఎత్తి ఇచ్చింది. అంతా అయ్యాక ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా రోడ్డు వారకు పోయి, దుమ్ములో వెల్లకిలా పడి అటూ ఇటూ దొర్లింది.

"ఓ బేగం. ఓ నీ ముఖం మండ. ఇప్పుడే గదనే కడిగిన." గులాబ్ బీ చెంబు నేలకేసి కొట్టింది. సొట్టపడింది. వీపు లాగేస్తోంది, భుజం నుంచి నెత్తురు కారుతోంది, పొద్దున్నించి ఒక్క పరుపూ కుట్టలేదు.

చివరికి చుక్క. ఆమె చేతుల మీది గీతల్లో సగం దీనివే. పిడికెడు లేదు గానీ మొదటి శుక్రవారం సుల్తానుకంటే ఎక్కువ పోరాడింది. వేలు కొరికి పట్టుకుని నీళ్లలోనూ వదల్లేదు. అందుకని గులాబ్ బీ చేతికి తువ్వాల చుట్టుకుని, పళ్లు బిగించి దాన్ని నీళ్లలోకి దించింది.

చుక్క ఏమీ చెయ్యలేదు. కాళ్లు వేలాడేసింది. నీళ్లు చెవుల మీద పడ్డా తల విదల్చలేదు. తడిగుడ్డలా ఆమె అరచేతిలో వాలిపోయి, ఒక్కసారి దగ్గింది.

గులాబ్ బీ తువ్వాల విప్పేసి ఒట్టి చెయ్యి దాని ముందు పెట్టింది. "గీకవే" అంది. "గీకు బిడ్డా. కొరుకు."

గోడ అవతల సీతారావమ్మ చెప్పులు వెతుక్కుంది.

దాని ఒంటి నుంచి నల్లనీళ్లు దిగుతూనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మూడు లారీలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. గతుకులో ఎగిరినప్పుడల్లా పైనున్న గుట్ట నుంచి నల్లటి పొగలాంటిది లేచి షెడ్డు మీదా, టబ్బు మీదా, ఆరేసిన దూది మీదా, తడి చుక్క మీదా పడింది. తడి మీద పడ్డది అక్కడే అంటుకుంది.

గులాబ్ బీ చుక్కను ఇంకో పొడి గలీబులో చుట్టి, కొంగుతో భుజానికి కట్టుకుంది. టబ్బులో నీళ్లు కూడా అదే బకెట్టులోకి వంచి బయల్దేరింది. కాటా అర కిలోమీటరు. పది అడుగులు వేసిందో లేదో బకెట్టు తేలికైంది. సీతారావమ్మ అవతల వైపు పట్టుకుంది.

"చెయ్యి తెగుద్ది, ఒక్కదానివే మోస్తే. పద."

కాటా గదిలో సూపర్‌వైజర్ అనిల్‌కుమార్ ఫోను చూస్తున్నాడు. గులాబ్ బీ బకెట్టు ఎత్తి అతని టేబులు మీద పెట్టింది. నీళ్లు తొణికి చీటీల పుస్తకం మీద పడ్డాయి.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"మీ మాలు. మా ఇంట్ల పడ్డది. వాపస్ తెచ్చిన, తీస్కో."

"నీళ్లు గదా."

"నాలుగు పిల్లుల్ని కడిగిన నీళ్లు. పోయిన వారం కడిగినయే, మళ్ల కడిగిన. ఏడు రోజుల బొగ్గు ఇది. ఇగ మేం మింగింది ఎంతనో నువ్వు చెప్పు."

అనిల్‌కుమార్ చీటీలు దులుపుకున్నాడు. "పిల్లుల్ని ఇంట్ల పెట్టి తలుపేసుకోరాదు? మీ అర్జీ పైకి పంపిన. బండ్ల మీద కప్పే తాడిపత్రులు స్టాకు లేవు, రాంగనే కడ్తం."

బయట కాటా మీద నిండు లారీ ఆగి ఉంది. డ్రైవర్ భీమ్లా క్యాబిన్‌లోంచి అంతా వింటున్నాడు. బకెట్టు వంక చూశాడు, ముసలమ్మ భుజం మీది మూట వంక చూశాడు.

"స్టాకు లేకపోవుడేంది సార్" అన్నాడు నింపాదిగా. "అందరి బండ్లల్ల సీటు కిందనే ఉన్నయి. కట్టనీకి పావుగంట పడ్తది. ట్రిప్పు లేటైతే నువ్వే తిడ్తవని కడ్తలేం."

అనిల్‌కుమార్ అతని వైపు గుర్రుగా చూశాడు.

పావుగంట. సూదులు ఆపలేని దగ్గుకూ, పాదం ముద్ర పడ్డ దిండుకూ, ఈ చేతుల మీది గీతలన్నిటికీ కారణం ఒక పావుగంట. గులాబ్ బీకి ఒళ్లు మండింది. బయటికి నడిచి లారీ ముందు, కాటా పలక మీద చతికిలబడింది. సీతారావమ్మ చీర దులుపుకుని పక్కనే కూర్చుంది. నమాజు చదివి ఆ దారినే వస్తున్న రెహమాన్ ఆగి, భార్య భుజం మీద కదలని మూటను చూసి, తెల్ల లాల్చీతోనే ఆ నల్లటి పలక మీద కూర్చుని దగ్గాడు. ఆ దగ్గు చుక్క దగ్గులాగే ఉంది. ఆ సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది.

"పెద్దమ్మా, లెవ్వు. వెనక ఎనిమిది బండ్లున్నయి" అన్నాడు అనిల్‌కుమార్ గడపలోంచి.

భుజం దగ్గర సన్నగా ఏదో గుచ్చుకుంది. ఒక్క గోరు. గలీబులోంచి చుక్క పట్టుకుంది, గట్టిగా కాదు, పట్టుకుంది. గులాబ్ బీ దాని మీద చెయ్యి వేసింది.

"ఎనిమిదింటికీ కట్టు" అంది. "రేపు గాదు, పైకి పంపిన గాదు. ఇప్పుడు. భీమ్లా, సీటు కింది తాడిపత్రి తియ్యి బిడ్డా, మేం జూస్తుంటం. అంచుల మీదికి పోసిన బొగ్గు ఈడ్నే దింపుర్రి. రోజుకు మూడుమాట్లు మా ఇండ్ల ముంగట రోడ్డు తడుపుర్రి. కట్టని బండికి నువ్వు చీటీ రాయొద్దు. గవన్నీ గీ కాయితం మీద రాసి, నీ సంతకం పెట్టి నా చేతికియ్యి. అప్పుడు లేస్త."