విస్తరి అధికారిణి

“కలెక్టరుగారు పంపు చూడ్డానికొస్తున్నారట” అని మా ఆయన చంద్రరావుగారంటే, చెవుడున్న మా అత్తగారికది కంపని వినిపించింది. “చూశావటే శ్యామలా, నీ దొడ్డికంపు జిల్లాదాకా పోయింది” అని నాచేత తూము రెండుసార్లు కడిగించింది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ విన్నదీ నిజమే. కాకపోతే కంపున్నది దొడ్లో కాదు, ఆఫీసు కాగితాల్లో.

ఆయన పంచాయతీ సమితిలో విస్తరణాధికారి. నేను విస్తరి అధికారిణిని. ఎక్స్‌టెన్షన్ ఆయనది, టెన్షన్ నాది. ఎనిమిదేళ్లుగా ఆయన మంచంమీద పడుకుని రిపోర్టులు చెబుతారు, వంటింటి మసిచేత్తోనే నేను రాస్తాను, చదవకుండా ఆయన సంతకం పెడతారు. సంతకం ఆయనది, సంతంత చాకిరీ నాది. “మా ఆవిడ అక్షరాలు గుండ్రంగా ఉంటాయోయ్, బుర్రలో సున్నాలుంటే అంతే మరి” అని స్నేహితుల ముందు అంటారు. వాళ్లు నవ్వుతారు. నవ్వే నోళ్లకి కాఫీలందించేదీ నేనే.

కిందటి నెల కాలవ కట్టేశారు. పేటలోని సంపూర్ణమ్మ మా నూతిదగ్గరికి ఖాళీబిందెతో వచ్చింది. “మడుగునీళ్లు తాగి మా మనవరాలు వారంనుంచి లేవట్లేదండి. మా పేటకని గవర్నమెంటోళ్లిచ్చిన పంపు ప్రెసిడెంటుగారి దొడ్లో గేదెల్ని కడుగుతోందండి” అంది. బిందె నింపి పంపాను. అందుకు అత్తగారు పెట్టిన శాపనార్థాలు వింటూనే, పాలకని ప్రెసిడెంటు బుల్లియ్యగారింటికి వెళ్లాను. పంపుకింద గేదెలు నిగనిగలాడుతున్నాయి.

సాయంత్రం ఆయన పంపు రిపోర్టు చెప్పడం మొదలెట్టారు. “పంపు పేట మధ్యన ఉంది. నూట ఇరవై కుటుంబాలు లబ్ధి పొందుతున్నాయి.”

“పేట మధ్యనాండీ?”

“నిన్నడిగానా? నీకొచ్చింది రాయడమే. అదీ నేను చెబితేనే. రాయి!”

రాయే కదా, విసరొచ్చనిపించింది. “పంపు బుల్లియ్యగారి దొడ్లో ఉంది. లబ్ధి పొందుతున్నవి పద్నాలుగు గేదెలు. వెంటనే పేటకి మార్చాలి” అని గుండ్రంగా రాశాను. ఆయన ఆవలిస్తూ సంతకం పెట్టారు.

ఇవాళ సమితి ఆఫీసు ముందు షామియానా వేశారు. వచ్చినవాళ్లందరికీ పులిహోర నాదే. కలెక్టరుగారు లేచి, “ప్రభుత్వం సొమ్ము ఎవరికి చేరిందో ఇంత సూటిగా రాసిన ఆఫీసరు చంద్రరావుగారొక్కరే” అంటూ రిపోర్టు పైకి చదివారు. గేదెల దగ్గర జనం గొల్లుమన్నారు. బుల్లియ్యగారు మాత్రం నవ్వలేదు, మా ఆయనకేసే చూస్తున్నారు. దూరంగా సంపూర్ణమ్మ బిందె చంకన పెట్టుకుని నిలబడింది.

మా ఆయన చెమటలు తుడుచుకుంటూ లేచారు. “పొరపాటండి! పంపు పేటలోనే ఉందండి. ఫెయిర్ చేసేటప్పుడు మా ఆవిడ పొరబడింది. ఆడదానికేం తెలుస్తుందండి?”

నేను గరిటె కింద పెట్టి మైకుదగ్గరికి నడిచాను.

“పొరపాటేమీ లేదండి” అన్నాను, మా అత్తగారికి కూడా వినిపించేలా. “ఎనిమిదేళ్లుగా వీరి రిపోర్టులన్నీ రాస్తున్నది నేనేనండి. కళ్లారా చూసి రాసింది ఇదొక్కటే. మిగతావన్నీ ఆయన చెప్పినట్టే రాశాను. దయచేసి అవీ తెప్పించుకుని చూడండి.”