గాజుపెంకులు ఏరిన చేతులు

బాలమణి తెచ్చిన బీడీ కట్టలు కార్ఖానా అరుగు మీద ఉండగానే రాజలింగం వాటి మీద కాలు పెట్టాడు. చెప్పుకాలే పెట్టాడు. పెట్టి, మట్టిగడ్డను చిదిమినట్టు మడమ తిప్పాడు. ఆకు చిట్లి తంబాకు అరుగంతా చిందింది. పొద్దస్తమానం నడుము వంచి, చాట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మొద్దుబారిపోయేదాకా కూర్చుని చుట్టిన బీడీలవి.

"పనికిరావు," అన్నాడు.

వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు తలలు దించుకున్నారు. బాలమణి కట్ట ఇన్నేళ్లలో ఒక్కటి కూడా తిరిగి రాలేదని వాళ్లకు తెలుసు. రాజలింగానికి ఇంకా బాగా తెలుసు.

"అండ్ల తప్పేమున్నదన్నా? సూడకుండనే తొక్కితివి."

"బీడీల్ల లేదే తప్పు. నీ పెంపకంల ఉన్నది. నీ బిడ్డ నిక్కరేసుకొని బడి గ్రౌండుల తొడలు సరుసుకుంట దుంకుతున్నది. ఊరు ఇజ్జత్ ఏంగావాలె? కమిటీల తీర్మానమైంది. ఏ పిల్ల ఆడితే ఆ పిల్ల తల్లికి ఆకు బంద్. ముందుగాల లీలను ఆట మాన్పియ్యి. అటెన్క అచ్చి ఆకు తీస్కపో."

కోరుట్లకు దగ్గరలోని ఆ ఊళ్లో రాజలింగం బీడీ టేకేదారు. కంపెనీ పంపే తునికాకు ఇంటింటికీ పంచేదీ, చుట్టిన బీడీలు తీసుకునేదీ అతనే. గ్రామాభివృద్ధి కమిటీకి పెద్ద కూడా అతనే. ఆడవాళ్ల తిండీ అతని చేతిలోనే, ఊళ్లో వాళ్ల మాటా అతని చేతిలోనే. ఇజ్జత్ అంటాడు గానీ, అసలు సంగతి బడి గ్రౌండు. రోడ్డును ఆనుకుని ఉన్న ఆ జాగాలో గోదాము కట్టాలని ఎప్పటినుంచో అతని కోరిక. మగపిల్లలు ఫోన్లలో పడి గ్రౌండు వైపు రావడం మానేశారు. వదలకుండా పట్టుకున్నది ఆడపిల్లల కబడ్డీ టీమొక్కటే. వాళ్లు పోతే అది ఖాళీ జాగా. ఇజ్జతట! ఇంత పచ్చి అబద్ధం అంత నిబ్బరంగా చెప్పడానికి కూడా ఒక హోదా ఉండాలి మరి.

బాలమణి అప్పుడే తిరగబడిందా అంటే, లేదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఇంటికి పోయి దండెం మీది నీలం నిక్కరు, జెర్సీ తీసింది. ఆకు కత్తిరించే కత్తెరతోనే, ఆకు కత్తిరించినంత తీరుగా ముక్కలు చేసింది.

లీల బడి నుంచి వచ్చి వాకిట్లో ఆ ముక్కలు చూసింది. పదో తరగతి పిల్ల. జగిత్యాలలో జిల్లా సెలక్షన్లు దగ్గరపడ్డాయి. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఖాయమని, తిండీ చదువూ ఆటా అక్కడే అని, ఆట నేర్పే పుష్ప టీచర్ చెప్పింది. లీలకు మాత్రం ఆ హాస్టలంటే ఒక్కటే. తన ఒళ్లోకి చాట రాకపోవడం.

"ఎందుకు కోసినవే?"

"ఆకు బంద్ వెట్టిండు బిడ్డా. తినుడెట్ల?"

"ఆడు నిన్ను తొక్కితే నువ్వు నన్ను తొక్కుతవా?"

బాలమణి చెయ్యి లేచింది. చెంప పగిలినంత చప్పుడైంది. ఆ చేత్తోనే చాట తెచ్చి కూతురి ఒళ్లో పడేసింది. "సుట్టు. మా అవ్వ నాకిచ్చింది గిదే. నీకు గూడ గిదే."

లీల ఏడవలేదు. చాటను పక్కకు నెట్టింది. "నిక్కరు లేకుంటే పంజాబీ డ్రెస్సుల ఆడుత," అంది.

మర్నాడు తెల్లారగానే అన్నట్టే వెళ్లింది. ఎదురు జట్టులో, బాలమణిలాగే బీడీలు చుట్టే జరీనాబీ కూతురు ఫర్హీన్. లీల కూతకు పోయి ఇద్దరిని తాకి వెనక్కి మళ్లింది. ఫర్హీన్ మడమ పట్టుకుంది. లీల ఎప్పటిలాగే మోకాళ్ల మీద పడి, జారుకుంటూ మధ్యగీత కోసం చెయ్యి చాపింది. చెయ్యి గీతను తాకింది. అప్పుడు కేక పెట్టింది.

పైన సన్నగా మన్ను కప్పి ఉంది. కింద పగిలిన బీరు సీసాల పెంకులు. గ్రౌండులో ఇంకెక్కడా లేవు. మధ్యగీత పొడుగునా మాత్రమే ఉన్నాయి. కూతకు పోయిన పిల్ల ఎక్కడ పడుతుందో బాగా తెలిసినవాళ్లే చల్లారు. పిల్ల మోకాలి కోసం అంత శ్రద్ధగా పని చేశారు, నీచులు.

జగిత్యాల ఆసుపత్రిలో కట్టు కట్టాక లీల అడిగింది. "సార్, సెలక్షన్ల వరకు తక్కువైతదా?"

డాక్టర్ పిల్లను చూడలేదు, తల్లిని చూశాడు. "నడుస్తదమ్మా. ఆటలు మాత్రం ఇగ మర్చిపోండ్రి."

లీల గోడ వైపు తిరిగింది. ఆ పూట నుంచి తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు.

పోలీసుస్టేషన్‌లో ఎస్సై బాలమణిని కూర్చోమనైనా అనలేదు. "తాగుబోతులు పారేసిన సీసలకు రాజలింగం మీద కేసేందమ్మా? ఆడపిల్ల. కేసులంటే రేపు సంబంధాలు గూడ రావు. ఇంట్ల కూసోవెట్టుకో," అన్నాడు.

ఇల్లు చేరేసరికి గడప ముందు తునికాకు మోపు పెట్టి ఉంది. ఎప్పుడూ ఇచ్చేదానికన్నా పెద్దది. తెచ్చిన జీతగాడు రాజలింగం మాట ఒప్పజెప్పి పోయాడు. "పాపం, బిడ్డకు దెబ్బ తాకిందట గద. ఇగ ఆట రంది లేదు. మనుసున వెట్టుకోక బీడీలు సుట్టుకొమ్మన్నడు."

మోకాలు కోసి, ఆ కోతకు బదులుగా ఆకు పంపాడు! బాలమణి ఆ మోపును గడప దాటనివ్వలేదు.

సాయంత్రం బీడీలు చుట్టే ఆడవాళ్లంతా ఆ వాకిట్లో చేరారు. పరామర్శకని వచ్చారు, పోట్లాటకు దిగారు.

"ఊకోండ్రే," అంది ముసలి పోచవ్వ. "కమిటోళ్లు ఎలేస్తే కిరాణంల ఉప్పు గూడ పుట్టది. ఎన్ని ఇండ్లను సూడలే?"

జరీనాబీ గయ్యిమంది. "మా ఫర్హీన్ ఎన్నడన్న నిక్కరేసిందా? నిండుగ సల్వార్ల ఆడుతది. మరి నిన్న నా ఆకెందుకు బంద్ వెట్టిండు? నిక్కర్ బహానా అక్కా. జమీన్ గావాలె వానికి."

"అయితే ఏంది?" అంది సత్యవ్వ. "పోరగాండ్లు ఆడకుంటే సస్తరా? మనమాడినమా?"

"సత్తెవ్వా, లే," అంది బాలమణి.

"ఎందుకే?"

"లే. చెయ్యి కింద వెట్టకుండ, గోడ వట్టకుండ లే."

సత్యవ్వ నవ్వి లేవబోయింది. సగం లేచి కూలబడింది. మళ్లీ ప్రయత్నించింది. చివరికి పక్కామె భుజం పట్టుకుంది. ఇంకో ఇద్దరు కూడా లేవబోయి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కూర్చున్నారు.

"మన కిందెవ్వడన్న పెంకలు సల్లిండా?" అంది బాలమణి. "సల్లకుండనే లేవరాకుంటైనం. చిన్నప్పటిసంది కూసోవెట్టిన్రు. నా బిడ్డను గూడ గట్లనే కూసోవెడుదామని నేనే కత్తెర వట్టిన. నా చేతులిరుగ! కోసింది రాజలింగమొక్కడే గాదు."

లోపల మంచం మీద లీల కళ్లు తెరిచి వింటూ ఉంది.

"ఏంజేద్దమంటవ్ మరి?" అంది పోచవ్వ మెల్లగా. "రేపు పొద్దుగాలనే గ్రౌండు తవ్వనీకి జేసీబీ వస్తదట."

"ఆట మాన్పిచ్చినమని చెప్పుండ్రి. బంద్ వెట్టినోళ్లకు గూడ ఇస్తడు. ఈ రాత్రికే అందరం ఆకు తెచ్చుకుందాం. తెచ్చి నానవెడుదాం. ఒక్కలు గూడ కత్తెర ముట్టొద్దు."

ఆ మాట వాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. తునికాకు ఒకసారి తడిపాక వెంటనే కత్తిరించి చుట్టాలి. వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే పెళుసెక్కి పొడైపోతుంది. కార్ఖానా కొట్టంతా ఖాళీ అయ్యాక కంపెనీ ముందు జవాబు చెప్పాల్సింది రాజలింగమే.

పోచవ్వ బోసినోటితో నవ్వింది. "ఓయమ్మో! ఆని ఆకుతోనే ఆని నోరు మూస్తవా? సరే, నేను గూడ తెస్త."

తెల్లారేసరికి బడి గేటు ముందు జేసీబీ ఉంది. దాని ముందు నీళ్లోడుతున్న ఆకు గుట్ట ఉంది. తొట్లూ బకెట్లూ నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు, ఒంపుతూనే ఉన్నారు. ఆకు పోసినవాళ్లు చాటలు పట్టుకుని గ్రౌండులోకి నడిచారు. మధ్యగీత వెంట వంగి, మన్ను చాటల్లోకి ఎత్తి చెరగడం మొదలుపెట్టారు. సన్నటి ఆకు ఈనెను కూడా తడిమి పట్టుకునే వేళ్లవి. గోరంత పెంకు కూడా దాటి పోలేదు. వేళ్లు తెగాయి, రక్తం కారింది. కొంగుకు తుడుచుకుని మళ్లీ మన్నులో చేతులు పెట్టారు.

కబడ్డీ కోర్టు చుట్టూ ముగ్గుపిండితో గీతలు పోశారు. జరీనాబీ జీవితంలో ఎన్నడూ ముగ్గు వేసింది కాదు. అయినా మధ్యగీత తానే పోస్తానంది.

"అక్కా, గీత పామోలె పాయె!" అంది సత్యవ్వ.

"పోనియ్యే. పాము మీద ఆడరాదా నీకు?"

అంత కడుపుమంటలోనూ అందరూ నవ్వారు. పుష్ప టీచర్ బడిలోంచి కుర్చీ తెచ్చి గీత పక్కన వేసింది. ఫర్హీన్, ఇంకో పిల్ల కలిసి లీలను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టారు. లీల ఇంకా తల్లి వైపు చూడలేదు.

రాజలింగం పోలీసు వ్యానుతో వచ్చాడు. ఆకు గుట్ట చూడగానే అతని మొహం నల్లబడింది. "సూడుండ్రి సారూ, నా ఆకంత ఆగం జేసిన్రు! ఈడ ఆడేటోళ్లెవ్వరు లేరు. ఖాళీ జాగ. తవ్వుమనుండ్రి."

"ఆడేటోళ్లు లేరా?" బాలమణి కొంగు నడుముకు చుట్టింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపింది. ఊళ్లో మగవాళ్లందరి ముందు మోకాళ్ల దాకా ఎత్తి దోపింది. "పిల్లల కాళ్లు ఇరగ్గొడితివి. తల్లుల కాళ్లున్నయ్, సూడు!"

అవతల ఫర్హీన్ టీము నిలబడింది. బాలమణి మధ్యగీత తాకి కూత ఎత్తింది. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." మొద్దుబారిన కాళ్లు తడబడ్డాయి. ఆమె పరుగెత్తక ఎన్నేళ్లయిందో! అయినా వెళ్లింది. ఫర్హీన్ భుజం తాకింది.

"గుంజుండ్రి దాన్ని," అన్నాడు ఎస్సై.

పోలీసులు కోర్టులోకి దిగి బాలమణి జుట్టు పట్టుకున్నారు. లాఠీ మోకాలి వెనక పడింది. పడిపోయింది, కూత ఆపలేదు. చెరిగిన మన్ను మీదుగా ఈడ్చుకుపోయారు, కూత ఆపలేదు. వ్యాను దగ్గర కడుపులో ఒక గుద్దు గుద్దారు. ఊపిరి తెగిపోయింది. నోరు ఆడుతోంది గానీ శబ్దం రావడం లేదు.

"కబడ్డీ!"

లీల. కుర్చీ చేతులు పట్టుకుని, ఒంటికాలి మీద లేచి నిలబడింది. తల్లి కళ్లలోకి చూస్తూ కూత అందుకుంది. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." లీల ఊపిరి అయిపోకముందే ఫర్హీన్ అందుకుంది. తర్వాత జరీనాబీ. తర్వాత సత్యవ్వ, బోసినోటితో పోచవ్వ. ఒకరి ఊపిరి అయిపోయేచోట ఇంకొకరు ఎత్తుకున్నారు.

వ్యాను బాలమణిని వేసుకుని కోరుట్ల రోడ్డెక్కింది. జేసీబీ డ్రైవర్ ఇంజన్ ఆపి కిందికి దిగి, దూరంగా వెళ్లి నిలబడ్డాడు. "ఆపుండ్రే! కూత ఆపుండ్రే!" అని రాజలింగం గొంతు చించుకున్నాడు.

ఎవ్వరూ ఆపలేదు. ఎండ పైకెక్కింది. గేటు ముందు తడి ఆకు కుళ్లడం మొదలైంది.