మంగాయమ్మ నేర్చిన ఇంగిలీసు

డెబ్బైనాలుగులో రూతు బెజవాడ హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతుండేది. వాళ్ళది ఉయ్యూరు. హాస్టలు తిండికి వంకలు పెడదామంటే వంటమనిషి మంగాయమ్మ ఎప్పుడూ ఎదురుగానే ఉండేది. అందుకని రూతు ఓ కొత్త భాష కల్పించింది. అన్నం 'కొంకీసు', పప్పు 'మిటోరా', చారు 'జబులు'. బాగాలేదనడానికి 'దుస్కి'. అసలు నోట పెట్టలేకపోతే 'దుస్కిదుస్కి'. వారం తిరిగేసరికి అమ్మాయిలందరికీ అది పట్టుబడింది. మంగాయమ్మ వడ్డిస్తుంటే మొహమ్మీదే "జబులు దుస్కి" అనుకుని కిసుక్కుమనేవాళ్ళు.

ఒకరోజు మంగాయమ్మ అడగనే అడిగింది. "ఏందమ్మా అది, ఇంగిలీసా?"

"అవును. దుస్కి అంటే చాలా బాగుందని," అంది రూతు తడుముకోకుండా.

మంగాయమ్మ మొహం చాటంతయింది. నాగాయలంకలో చేపలమ్మి బతికిన మనిషి. మొగుడు పోయాక బెజవాడ చేరింది. ఆ మాటలన్నీ రూతు దగ్గరే ఒక్కొక్కటీ అడిగి నేర్చుకుంది.

డిసెంబరులో హాస్టలు కమిటీ తరఫున తెరేసమ్మగారనే పెద్దావిడ వచ్చి, పిల్లలతోపాటే భోజనానికి కూర్చున్నారు. మంగాయమ్మ ఉతికిన చీర కట్టుకుని గరిటెతో ముందుకొచ్చింది.

"తినండమ్మగారూ! కొంకీసు దుస్కి, జబులు దుస్కిదుస్కి!"

బల్లల పొడుగునా నవ్వులు. ఒకమ్మాయికి పొలమారింది.

"ఏమిటంటోంది?" అన్నారు తెరేసమ్మగారు.

"ఇంగిలీసేగదండీ," అంది మంగాయమ్మ. అని, నవ్వుతున్న మొహాలకేసి చూసింది. తర్వాత రూతుకేసి చూసింది. రూతు తలెత్తలేదు. మంగాయమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

రూతు కంచం పక్కకు నెట్టింది. లేచి నిలబడి, ఆ మాటలు తానే కల్పించానని, వాటి అర్థమేమిటో తెరేసమ్మగారికి చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నాకెందుకు చెబుతావు? ఆవిడకు చెప్పు," అన్నారావిడ.

వంటింట్లో మంగాయమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"తప్పయిపోయింది, మంగాయమ్మా. దుస్కి అంటే... బాగాలేదని."

"అట్టాగా. రోజూ అదేనా మీరనేది?"

"ఊఁ."

మంగాయమ్మ పొయ్యిలో కట్టెపుల్ల ఎగదోసింది. "చారు పల్చగుందని తెలుగులో చెబితే ఇంకాస్త చింతపండు పిసికేదాన్నిగా, తల్లీ."

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది రూతుకు. నిలబడ్డచోట నిలబడలేక బయటికొచ్చేసింది.

ఆ భాష ఆ రోజుతో పోయింది. చదువు ముగిసేదాకా మంగాయమ్మ రూతుకు ఏ లోటూ చెయ్యలేదు. ఆదివారం చేపముక్క అందరితో సమానంగానే వేసేది. చారు పొయ్యమంటావా అని మాత్రం నోరు తెరిచి అడిగేది కాదు. గరిటె ఎత్తి చూపించి ఆగేది. రూతు తలూపేది.